షట్‌డౌన్ స్పీడ్ పెంచే ట్రిక్.. నేను చేసి మా కాక కొంప ముంచిన, మీరు చేయకండి

"పీసీ స్లోగా షట్‌డౌన్ అవుతోందా?" అని యూట్యూబ్‌లో తెలుగులో వెతికి చూడండి. వచ్చే వీడియోల్లో చాలావాటిలో ఒకటే సలహా కనిపిస్తది. రిజిస్ట్రీ ఎడిటర్ ఓపెన్ చేయండి, కరెంట్ యూజర్ కింద కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్లండి, అందులో డెస్క్‌టాప్ అనే కీ ఉంటది, దాంట్లో ఆటోఎండ్‌టాస్క్స్ అని ఒక వాల్యూ పెట్టి 1 చేయండి. అంతే, మీ సిస్టమ్ రాకెట్. కింద "సూపర్ బ్రో", "వర్క్ అయింది అన్నా" అని వంద మంది.

వర్క్ అవుతది. అందులో అబద్ధం లేదు. 2019లో నేను కూడా చేసిన, నాలుగైదు సెకన్లలో స్క్రీన్ నల్లబడింది. కాకపోతే అది నా సిస్టమ్ కాదు. మంచిర్యాలలో మా కాక నడిపే చిన్న డీటీపీ షాపుది.

అప్పుడు నేను కరీంనగర్‌లో బీటెక్ చదువుతున్నా. సంక్రాంతి సెలవులకు పోయి షాపులో కూర్చున్న. కాక దగ్గర విండోస్ 7 ఉన్న పాత అసెంబుల్డ్ డెస్క్‌టాప్ ఒకటి. రాత్రి షాపు బంద్ చేసే టైమ్‌కి షట్‌డౌన్ కొడితే ఊరికే ఆగిపోయేది. "ఈ ప్రోగ్రామ్ ఇంకా మూసుకోలేదు" అని ఒక స్క్రీన్ వచ్చేది, కాక షట్టర్ సగం దించి నిలబడి దాని దిక్కు చూసుకుంటా ఉండేటోడు. "ఏందిరా ఇది, దీన్ని పండవెట్టుడే ఒక పని అయితాంది" అన్నడు. ఇంజినీరింగ్ చదివే కొడుకు ఇంట్లో ఉంటే ఇంకేం కావాలె. నేను అదే వీడియో చూసి ఆటోఎండ్‌టాస్క్స్ 1 చేసిన. ఆగే టైమ్ కూడా 2 సెకన్లకు కుదించిన. కాక మస్తు ఖుష్ అయిండు. పక్క జిరాక్స్ షాపాయనకు కూడా చెప్పిండు, మా పిల్లగాడు చేసిండని.

ఆ జనవరిలో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు. 21, 25, 30 తేదీల్లో మూడు విడతలు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు. విత్‌డ్రాలు అయిపోయి గుర్తు చేతికి వచ్చినంక పోలింగ్‌కి కొద్ది రోజులే ఉంటాయి. ఊర్లన్నీ ఒకేసారి డీటీపీ షాపుల మీద పడతాయి. ఫొటో పెట్టాలె, గుర్తు పెట్టాలె, హామీలు కొట్టాలె, పొద్దుగాల్లకల్లా ప్రెస్‌కి పోవాలె. డీటీపీ వాళ్లకు అది లగ్గాల సీజన్ కంటే పెద్ద సీజన్.

నేను తిరిగి హాస్టల్‌కి వచ్చిన కొద్ది రోజులకు రాత్రి కాక ఫోన్ చేసిండు. సాయంత్రం కరెంటు పోయిందట, యూపీఎస్ కూత పెట్టిందట. పాత బ్యాటరీ, ఎంతసేపు ఆగుతదో నమ్మకం లేదు. ఆగమాగంగా స్టార్ట్ నొక్కి షట్‌డౌన్ కొట్టిండు. ఆయన లెక్క ప్రకారం ఏం జరగాలె? పేజ్‌మేకర్ "సేవ్ చేయాల్నా?" అని అడగాలె, ఈయన ఎస్ అనాలె. ఇన్నేళ్ల నుంచి అట్లనే జరిగింది. ఆ రోజు ఏదీ అడగలేదు. ఆ పాంప్లెట్ మూడు గంటల పని, ఇంకా పేరు కూడా పెట్టని ఫైల్.

"బిడ్డా, ఫైల్ పోయింది. ఏమన్న చేసి తెప్పియ్యొచ్చా?"

ఎందుకు పోయిందో నాకు ఆ క్షణమే అర్థమైంది. నేను అన్న మాట మాత్రం ఇది: "నడుమ నడుమ సేవ్ కొట్టాలె కదా కాకా."

కాక మళ్లీ మొదటినుంచి కొట్టిండు, రాత్రి రెండు దాకా. ఆ క్యాండిడేట్ గెలిచిండా ఓడిండా అని అడగకండి, దానికీ పాంప్లెట్‌కీ సంబంధం లేదు.

అందుకే ఈ ఆర్టికల్. షట్‌డౌన్ టైమ్‌లో కంప్యూటర్ అడిగే ఆ ఒక్క ప్రశ్న మనకు చిరాకు. దాన్ని తీసేసే ట్రిక్కులు మస్తుగా ఉన్నాయి. అదెందుకు అడుగుతుందో చెప్పేవాళ్లు తక్కువ.

అసలు లోపల ఏం జరుగుతుంది

షట్‌డౌన్ నొక్కగానే విండోస్ కరెంటు కట్ చేయదు. ఓపెన్‌లో ఉన్న ఒక్కో యాప్‌కి "సెషన్ ముగిస్తున్నా, నీకు ఓకేనా?" అని ఒక మెసేజ్ పంపుతది. చాలా యాప్‌లు వెంటనే ఓకే అంటాయి. సేవ్ చేయని పని ఉన్న యాప్ అక్కడ ఆగి మీకు డైలాగ్ బాక్స్ చూపిస్తది. అందరూ ఓకే అన్నాక "సరే, ఇప్పుడు నిజంగానే ముగిస్తున్నా" అని రెండో మెసేజ్ వస్తది. డెవలపర్లు ఫైళ్లు మూసుకోవడం, టెంపరరీ డేటా రాసుకోవడం లాంటివి ఆ రెండో దాంట్లో పెడతారు.

మొదటి మెసేజ్‌కి యాప్ జవాబు ఇవ్వకుంటే విండోస్ మామూలుగా 5 సెకన్లు చూస్తది. ఆ 5 సెకన్లే రిజిస్ట్రీలో 5000 అనే అంకె, హంగ్‌యాప్‌టైమౌట్ పేరుతో. దాని పక్కనే వెయిట్‌టుకిల్‌యాప్‌టైమౌట్ అని ఇంకోటి ఉంటది, డిఫాల్ట్ 20000, అంటే 20 సెకన్లు. సర్వీసుల కోసం వేరే టైమ్ ఉంది. విండోస్ 7లో అది 12 సెకన్లు ఉండేది, విండోస్ 8 నుంచి 5కి తగ్గించారు. ఆ టైమ్ దాటితే, ఎక్స్‌పీలో అయితే ఒక్కో యాప్‌కి ఒక్కో "ఎండ్ నౌ" బాక్స్ వచ్చేది. 2007లో విస్టాతో మనందరికీ తెలిసిన ఫుల్ స్క్రీన్ లిస్ట్ వచ్చింది. ఫలానా యాప్‌లు షట్‌డౌన్‌ని ఆపుతున్నాయి, అయినా ఆపేయాల్నా, వెనక్కి పోతారా అని.

విస్టాతోనే యాప్‌లకు ఇంకో సౌకర్యం ఇచ్చారు. ఎందుకు ఆపుతున్నామో ఒక చిన్న వాక్యం రాసి ఆ స్క్రీన్ మీద చూపించొచ్చు. "డిస్క్ రాస్తున్నా, మధ్యలో ఆపితే పాడైతది" అన్నట్టు. అది వచ్చి ఇన్నేళ్లయినా, వాడే యాప్‌లు నాకు కనిపించింది అరుదే. చాలాసార్లు ఆ స్క్రీన్‌లో ఒక పేరు, కొన్నిసార్లు పేరు కూడా లేని ఖాళీ ఐకాన్. ఎవడు ఆపుతున్నాడో, ఎందుకు ఆపుతున్నాడో తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? "ఎనీవే" కొడతాడు. పది రోజులు కొట్టినంక వేలికి అలవాటవుతది. పదకొండో రోజు ఆ లిస్టులో నిజంగా సేవ్ చేయని ఎక్సెల్ ఉన్నా వేలు ఆగదు.

నేనూ డెవలపర్‌నే కాబట్టి మా వాళ్ల తప్పు కూడా ఒప్పుకుంటా. యాప్ క్రాష్ అయితే ఏమైతదో టెస్ట్ చేస్తాం. నెట్ పోతే ఏమైతదో చూస్తాం. యాప్ ఓపెన్‌లో ఉండగా యూజర్ షట్‌డౌన్ కొడితే? నేను పనిచేసిన ప్రాజెక్టుల్లో ఆ టెస్ట్ కేస్ నా కంట పడలేదు. నేను కూడా రాయలేదు, ఈ మధ్య దాకా.

ఇప్పుడు ఆటోఎండ్‌టాస్క్స్ 1 చేస్తే ఏమవుతదో ఈజీగా అర్థమవుతది. ఆ ఫుల్ స్క్రీన్ లిస్టే రాదు. టైమ్ అయిపోగానే, జవాబు ఇవ్వని యాప్‌ని విండోస్ తనంతట తనే తీసేస్తది. ఇక్కడ అసలు తిరకాసు ఏంటంటే, "సేవ్ చేయాల్నా" అని మిమ్మల్ని అడుగుతూ కూర్చున్న యాప్ కూడా విండోస్ దృష్టిలో జవాబు ఇవ్వని యాపే. హ్యాంగ్ అయిన యాప్‌కీ, మీకోసం ఎదురుచూస్తున్న యాప్‌కీ తేడా ఉండదు. నేను కాక సిస్టమ్‌లో టైమ్‌ని 2 సెకన్లు చేసిన కదా, ఆ డైలాగ్ బాక్స్ వచ్చి ఉన్నా ఆయన చదివేలోపు పోయి ఉంటది.

పేజ్‌మేకర్ వాడేవాళ్లు "దాంట్లో మినీ సేవ్ ఉంటది కదా" అనొచ్చు. ఉంటది. కానీ అది పేజీ మారినప్పుడు, పేజీ కలిపినప్పుడు, ప్రింట్ ఇచ్చినప్పుడు లాంటి సందర్భాల్లో జరుగుతది, గడియారం చూసి కాదు. ఎలక్షన్ పాంప్లెట్ ఒక్క పేజీ. మారడానికి ఇంకో పేజీ లేదు, ప్రింట్ ఇంకా ఇవ్వలేదు. "పాత సాఫ్ట్‌వేర్ ఎందుకు వాడాలె" అని మాత్రం అనకండి. 7.0 వెర్షన్ వచ్చింది 2001లో, నిజమే. అయితే అను ఫాంట్లలో ఏళ్ల తరబడి కొట్టిన ఫైళ్లు, చేతికి పట్టిన కీబోర్డ్ లేఅవుట్, ఆ ఫైలే అడిగే ప్రెస్సులు.. ఇవన్నీ వదులుకుని కొత్త దానికి మారాలంటే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

తెలియకుండానే ఫోర్స్ క్లోజ్

ఇది చాలామంది ఇంజినీర్లకు కూడా తెలియదు, అందుకే కొంచెం ఆగి చెప్తా. రాత్రి ఏదో పెద్ద డౌన్‌లోడ్ పెట్టి, గంట తర్వాత సిస్టమ్ ఆఫ్ కావాలని కమాండ్ ప్రాంప్ట్‌లో షట్‌డౌన్ స్లాష్ ఎస్ స్లాష్ టి 3600 అని కొట్టి పడుకునే అలవాటు హాస్టళ్లలో ఉంటది. యాప్‌లను బలవంతంగా మూసేయాలంటే స్లాష్ ఎఫ్ వేరేగా ఇవ్వాలి అనుకుంటాం. అవసరం లేదు. టైమ్ సున్నా కంటే ఎక్కువ ఇస్తే స్లాష్ ఎఫ్ ఇచ్చినట్టే లెక్క, మైక్రోసాఫ్ట్ డాక్యుమెంటేషన్‌లోనే ఆ మాట ఉంది. గంట తర్వాత మీ సగం రాసిన ప్రాజెక్ట్ రిపోర్ట్ వర్డ్‌లో ఓపెన్‌లో ఉన్నా అది అడగదు. వర్డ్‌లో ఆటో రికవర్ డిఫాల్ట్‌గా 10 నిమిషాలకు ఒకసారి కాబట్టి కొంత దక్కుతది. అన్ని యాప్‌లూ వర్డ్ కావు. మనసు మారితే షట్‌డౌన్ స్లాష్ ఏ కొడితే ఆ టైమర్ క్యాన్సిల్ అవుతది, ఇది మాత్రం గుర్తు పెట్టుకోండి.

రెండోది కనబడని యాప్‌ల సంగతి. స్క్రీన్ మీద విండో లేకుండా వెనక నడిచే ప్రోగ్రామ్‌లు, నల్ల కన్సోల్ విండోలో నడిచే స్క్రిప్టులు. ఇవి షట్‌డౌన్‌ని ఆపాలని చూస్తే విండోస్ మిమ్మల్ని అడగకుండానే తీసేస్తది, అదే డిఫాల్ట్. మామూలు యూజర్‌కి ఇది మంచిదే. కానీ రాత్రంతా డేటాబేస్ బ్యాకప్ స్క్రిప్ట్ నడిపేవాళ్లకు, వీడియోని కన్సోల్ టూల్‌తో కన్వర్ట్ చేసే పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఇది ప్రమాదం. దీన్ని మార్చడానికి గ్రూప్ పాలసీలో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, సిస్టమ్, షట్‌డౌన్ ఆప్షన్స్ అనే దారిలో ఒక సెట్టింగ్ ఉంది. షట్‌డౌన్‌ని ఆపే యాప్‌లను ఆటోమేటిక్‌గా ముగించడం మానేయమని చెప్పేది. పేరులో "టర్న్ ఆఫ్" ఉంది కాబట్టి ఎనేబుల్ చేస్తేనే ఆ ఆటోమేటిక్ ముగింపు ఆగుతది. మొదటిసారి చూసినప్పుడు నేను ఉల్టా పెట్టిన, పది నిమిషాలు బుర్ర గోక్కున్న. విండోస్ హోమ్ ఎడిషన్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ రాదు, మన దగ్గర అమ్మే లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించేది ఆ హోమే. అవసరమైన వాళ్లు ప్రో తీసుకోవడానికి ఇది కూడా ఒక కారణం అనుకోండి.

మూడోది అప్‌డేట్ రీస్టార్ట్. 2016లో విండోస్ 10కి యాక్టివ్ అవర్స్ ఇచ్చారు, ఆ గంటల్లో అప్‌డేట్ కోసం తనంతట తాను రీస్టార్ట్ కాదు. డిఫాల్ట్ పొద్దున 8 నుంచి సాయంత్రం 5. ఎవరి 8 నుంచి 5? లగ్గాల సీజన్‌లో డీటీపీ షాపు అసలు పని మొదలయ్యేదే 5 తర్వాత. ఆ టైమింగ్‌ని 18 గంటల దాకా పెంచుకోవచ్చు. సెట్టింగ్స్‌లో అర నిమిషం పని. షాపు ఉన్నవాళ్లు ఇవాళే చేయండి.

మరి షట్‌డౌన్ స్లో అయితే ఏం చేయాలె?

చిరాకు నిజమైనదే, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ మందు వేరు. ఆ స్క్రీన్ వచ్చినప్పుడు ఎవరి పేరు వస్తుందో ఒక వారం గమనించండి. రోజూ ఒకటే పేరు వస్తుంటే సమస్య షట్‌డౌన్‌లో లేదు, ఆ యాప్‌లో ఉంది. అప్‌డేట్ చేయండి, స్టార్టప్ లిస్ట్‌లోంచి తీసేయండి, అవసరం లేకుంటే అన్‌ఇన్‌స్టాల్ చేయండి. కాక సిస్టమ్‌లో అసలు దొంగ ఎవరో తర్వాత తేలింది, ఎప్పుడో పాత ప్రింటర్‌తో వచ్చిన స్టేటస్ మానిటర్. ఆ ప్రింటర్ షాపులో లేక కూడా రెండేళ్లయింది. కంట్రోల్ ప్యానెల్‌లో రెండు క్లిక్కులు. నేను ఆ రోజు రిజిస్ట్రీకి పోకుండా అక్కడికి పోయి ఉంటే సరిపోయేది.

ఫాస్ట్ స్టార్టప్ గురించి కూడా చెప్పాలి. 2012లో విండోస్ 8తో వచ్చింది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినప్పుడు మీ యాప్‌లు మూసుకుంటాయి, సెషన్ లాగాఫ్ అయితది, కానీ విండోస్ కెర్నల్‌ని మాత్రం డిస్క్ మీద దాచిపెడతది. మరుసటి రోజు దాన్నే లేపుతది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి. రోజూ షట్‌డౌన్ చేస్తున్నా పది పన్నెండు రోజులు చూపిస్తే కారణం ఇదే. డ్రైవర్ తిక్క చేస్తుంటే షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్ చేయాలి, లేదంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కాలి. "ఆఫ్ చేసి ఆన్ చేసినా పోలేదు అన్నా" అనే కంప్లైంట్లలో కొన్నింటికి జవాబు ఇదే.

ఇక్కడ మన గాడ్జెట్ రివ్యూల మీద నాకో కంప్లైంట్. ప్రతి లాప్‌టాప్ రివ్యూలో "10 సెకన్లలో బూట్" అని రాస్తాం. అది చాలాసార్లు ఆ దాచిపెట్టిన కెర్నల్‌ని లేపిన టైమ్, నిజమైన కోల్డ్ బూట్ కాదు. షట్‌డౌన్ టైమ్ అయితే అసలే రాయం. కొత్త లాప్‌టాప్‌లో కంపెనీ వేసిన ట్రయల్ యాంటీవైరస్, అసిస్టెంట్ యాప్, కంట్రోల్ సెంటర్.. వీటిలో ఎన్ని షట్‌డౌన్‌కి అడ్డం పడుతున్నాయో చూసి ఒక లైన్ రాయొచ్చు కదా. నోట్‌ప్యాడ్‌లో నాలుగు అక్షరాలు, వర్డ్‌లో నాలుగు, ఎక్సెల్‌లో ఒక సెల్ కొట్టి, సేవ్ చేయకుండా షట్‌డౌన్ నొక్కి ఏం మిగిలిందో చూడటానికి ఐదు నిమిషాలు చాలు. స్పీకర్ సౌండ్ గురించి రెండు పేరాలు రాస్తున్నాం, దీనికి ఒక లైన్ దొరకదా?

మ్యాక్ వాళ్లు ఈ విషయంలో ముందున్నారు, ఒప్పుకోవాలి. 2011లో లయన్ నుంచే డాక్యుమెంట్లు తమంతట తామే సేవ్ కావడం, మళ్లీ లాగిన్ అయినప్పుడు పాత విండోలన్నీ తెరుచుకోవడం ఉన్నాయి. విండోస్ మెల్లగా అటే నడుస్తోంది. సైన్ ఇన్ ఆప్షన్స్‌లో యాప్‌లను గుర్తుపెట్టుకుని మళ్లీ తెరిచే స్విచ్ ఉంది, విండోస్ 11 నోట్‌ప్యాడ్ 2023 నుంచి సేవ్ చేయని ట్యాబ్‌లను కూడా దాచిపెడుతోంది. లినక్స్‌లో కథ వేరు. ప్రాసెస్‌కి ముందు మర్యాదగా "ఆగిపో" అని సిగ్నల్, వినకపోతే 90 సెకన్ల తర్వాత చంపేసే సిగ్నల్. "ఎ స్టాప్ జాబ్ ఈజ్ రన్నింగ్" అని ఆ 90 సెకన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నవాళ్లకు ఆ బాధ తెలుసు. ఫెడోరా వాళ్లు 2023లో 38వ వెర్షన్‌తో దాన్ని 45కి తగ్గించారు. అది కూడా చర్చలు పెట్టి, ఎవరి సర్వీస్ పాడైతదో ఆలోచించి తగ్గించారు. మనం వీడియో చూసి 20ని 2 చేస్తాం.

ఫోన్‌తో పోలిక వస్తది కాబట్టి అదీ చెప్తా. మా చెల్లె డిగ్రీ చదువుతోంది, ఫోన్‌తోనే పెరిగింది. మొన్న లాప్‌టాప్ కొనిచ్చినంక అడిగింది, "అన్నా, సేవ్ కొట్టుడేంది, దానంతట అదే కాదా?" తప్పు ప్రశ్న కాదు. ఆండ్రాయిడ్‌లో సిస్టమ్ ఎప్పుడైనా యాప్‌ని తీసేయొచ్చు, ఆ సంగతి తెలిసే డెవలపర్ ముందే డేటా దాచుకుంటాడు. డెస్క్‌టాప్ యాప్‌లు ఇంకో కాలంలో పుట్టాయి, యూజర్ చెప్పేదాకా ఫైల్‌ని ముట్టొద్దు అనే మర్యాద వాటిది. ఆ రెండు అలవాట్ల మధ్య మా చెల్లె లాంటివాళ్లు నలుగుతున్నారు. వాళ్ల సిస్టమ్‌లో ఆటోఎండ్‌టాస్క్స్ పెట్టడమంటే బ్రేకులు తీసేసి బండి ఇచ్చినట్టే.

అన్నిచోట్లా ఫోర్స్ తప్పని కూడా అనను. కాలేజీ ల్యాబ్‌లో 60 సిస్టమ్‌లు, సాయంత్రం ల్యాబ్ అసిస్టెంట్ ఒక్కడే. స్టూడెంట్స్ వదిలేసిపోయిన ప్రతి ఎడిటర్ దగ్గర "సేవ్ చేయాల్నా" కి జవాబు చెప్పుకుంటూ తిరగమంటే ఆయన ఇంటికి పోయేదెప్పుడు? అక్కడ ఫోర్స్ షట్‌డౌన్ న్యాయమే. సినిమాలకు, బ్రౌజింగ్‌కి మాత్రమే వాడే సిస్టమ్ అయినా అంతే, పోయేదేం లేదు. నా అభ్యంతరం ఒకటే. ఆ సెట్టింగ్ వేరేవాళ్ల పని ఉన్న సిస్టమ్‌లో, వాళ్లకు చెప్పకుండా పెట్టకండి. పీసీ రిపేర్ చేసే తమ్ముళ్లకు ఇది మరీ మరీ చెప్తున్నా. ఫార్మాట్ కొట్టి ఇచ్చేటప్పుడు "స్పీడ్ ట్వీక్స్" అని రెడీమేడ్ రిజిస్ట్రీ ఫైల్ నడిపిస్తారు చూడండి, దాన్ని ఒకసారి నోట్‌ప్యాడ్‌లో ఓపెన్ చేసి లోపల ఏముందో చదవండి.

కరెంటు సంగతి కూడా వదిలేయొద్దు. మంచిర్యాల నుంచి గోదావరి దాటితే రామగుండం, అక్కడ ఎన్టీపీసీ పాత ప్లాంటే 2,600 మెగావాట్లది. ఇటు జైపూర్‌లో సింగరేణి వాళ్ల ప్లాంటు ఇంకో 1,200. చుట్టూ ఇంత కరెంటు పుడుతున్నా, ఈదురుగాలికి ఒక కొమ్మ తీగ మీద పడితే మన గల్లీలో చీకటే. ఎండాకాలం సాయంత్రాలు ఎట్లుంటయో ఉత్తర తెలంగాణ వాళ్లకు చెప్పనక్కరలేదు. మామూలు చిన్న యూపీఎస్ మీకు ఇచ్చేది కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలు సేవ్ కొట్టడానికే. షాపులో ఇంటి ఇన్వర్టర్ మీద డెస్క్‌టాప్ నడిపేవాళ్లు దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటది. దాన్ని అటు పెడితే కరెంటు నుంచి బ్యాటరీకి మారే టైమ్ తగ్గుతది, సిస్టమ్ రీస్టార్ట్ కాకుండా నిలబడే ఛాన్స్ ఎక్కువ. యూఎస్‌బీ కేబుల్‌తో సిస్టమ్‌కి కలిసే యూపీఎస్ కొంటే ఇంకా నయం. విండోస్ దాన్ని లాప్‌టాప్ బ్యాటరీలా చూస్తది, బ్యాటరీ అడుగంటినప్పుడు హైబర్నేట్ కమ్మని పవర్ ఆప్షన్స్‌లో పెట్టుకోవచ్చు. హైబర్నేట్ అయితే ఓపెన్‌లో ఉన్నది ఉన్నట్టు డిస్క్ మీదికి పోతది. ఎవరినీ చంపదు, ఎవరినీ అడగదు. కరెంటు పోయినప్పుడు షట్‌డౌన్ కంటే ఇదే సరైన బటన్ అని నా అభిప్రాయం.

కాకకు నిజం చెప్పడానికి నాకు ఐదేళ్లు పట్టింది. పోయిన ఏడాది దసరాకు ఊరికి పోయినప్పుడు, షాపులో చాయ్ తాగుకుంటా చెప్పిన. ఆ పాంప్లెట్ పోయింది నీ తప్పు కాదు కాకా, నేను పెట్టిన సెట్టింగ్ వల్ల అని. తిడతడేమో అనుకున్న. చాయ్ గ్లాసు కింద పెట్టి, "మరి ఇప్పుడు దీంట్ల తీసేసినవా?" అన్నడు.

తీసేయలేదు. మధ్యలో సిస్టమ్ మారింది, విండోస్ మారింది, కానీ కొత్త దాంట్లో కూడా ఆటోఎండ్‌టాస్క్స్ 1 ఉంది. నేను పెట్టలేదు. ఫార్మాట్ కొట్టిన పిల్లగాడు పెట్టిండు, స్పీడ్ కోసం. అక్కడే కూర్చుని 0 చేసిన, ఆగే టైమ్‌లు మామూలు అంకెలకు తెచ్చిన, యాక్టివ్ అవర్స్ పొద్దున 8 నుంచి రాత్రి 12 దాకా పెట్టిన. ఆ రాత్రి షాపు బంద్ చేస్తుంటే షట్‌డౌన్ కొట్టిండు, స్క్రీన్ ఆగింది. లిస్ట్‌లో ఒక పేరు. కాక షట్టర్ దగ్గరినుంచి వెనక్కి వచ్చి అద్దాలు పెట్టుకుని చదివిండు.

"కోరల్ డ్రా అంటాంది. అవ్ మల్ల, రేపటి లగ్గంపత్రిక సేవ్ చెయ్యలే."

క్యాన్సిల్ కొట్టి కూర్చున్నడు.